ఎర్ర అట్ట పుస్తకంలో రెండో సగం

6-7-1987, సోమవారం

అక్షరాలు బాగాలేవు. ఎవరికి చెబుతున్నానో తెలియదు కానీ ముందే చెబుతున్నా. ఒత్తు పెట్టాల్సిన చోట మరిచిపోతాను, అక్కర్లేని చోట పెడతాను. నా రాత సంతకు తోలిన గొర్రెల మందలాగ ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ పోతుంది. మన్నించాలి. ఆశ్రమ పాఠశాలలో ఆరో తరగతి దాకా చదివాను. ఏడుకు పోయే ఏడాది మా యాడి జబ్బుపడింది. అమ్మకు మంచం, నాకు మేకలు.

ఈ నోట్‌బుక్కు సర్కారుది. ముందు పేజీల్లో సర్కారు పని చేస్తున్నా. వెనక పేజీలు నావి. సర్కారు వెనక్కి తిప్పి చూడదని నా నమ్మకం.

నా పేరు సాలీ. మా ఆయన ధన్‌సింగ్ పోలీసు. ఠాణా పేరు రాయను. సూర్యాపేటకూ కోదాడకూ మధ్య రోడ్డు మీద ఎక్కడో ఉందనుకో. మేం ఉండేది దాని వెనక రేకుల క్వార్టర్‌లో. పోలీసు అయిన రోజు నుంచి ఈయన ఇంట్లో కూడా తెలుగే మాట్లాడతాడు. మా లంబాడి మాట గోర్ బోలి మాట్లాడితే టోపీ జారిపోతుందని భయం కాబోలు.

నిన్న రోడ్డు మీద తనిఖీలో ఒక సైకిల్‌ను ఆపారు. మనిషి పేరు మత్తయ్య, ఊరు మిర్యాలగూడ. బడుల దగ్గర పుస్తకాలు అమ్ముకుంటాడు. క్యారియర్ మీద రేకుపెట్టె. అందులో ఎక్కాల పుస్తకాలు, ఉత్తరాలు రాయడం నేర్పే పుస్తకాలు, అడుగున ఒక లావుపాటి పుస్తకం. దానికి ఎర్ర అట్ట. అచ్చయింది వేరే దేశంలో. లోపల చూస్తే తెలుగు. ఎర్ర రంగు ఒక నేరం, పరాయి దేశం ఇంకో నేరం, తెలుగులో ఉండి ఈయనకు అర్థం కాకపోవడం అన్నిటికంటే పెద్దది. ఎక్కాల పుస్తకాలు వదిలేశారు. మత్తయ్యను వదల్లేదు.

జప్తు చేసిన ప్రతి పుస్తకానికీ లోపల ఏముందో సారాంశం రాసి పైకి పంపాలట. ఎస్.ఐ. సారుకు టైం లేదు, హెడ్డు సోమయ్యకు చెప్పాడు. సోమయ్యకు కళ్లజోడు సరిపడటం లేదు, ఈయనకు చెప్పాడు. ఈయన ఇంటికి తెచ్చి పీట మీద పెట్టాడు.

"రెండు రోజుల్ల కావాలంట. నువ్వు సదివి రాసియ్యి. నేను మంచిగ ఎక్కిచ్చుకుంట."

"నాకేం తెలుస్తది?" అన్నాను.

"నాకంటె ఎక్కువనే తెలుస్తది. గీ మాట నేనన్నట్టు బయట అన్నవనుకో, సూడు మరి."

అలా రాష్ట్రాన్ని కాపాడే పని పై నుంచి కిందికి జారుతూ వచ్చి, ఆరో తరగతి దగ్గర ఆగింది.

7-7-1987

పోయిన ఏడు సూర్యాపేట నుంచి తెచ్చిన శెనగపిండి పొట్లం కాగితం విప్పి చదువుకుంటుంటే, "ఆడదానికి సదువేంది, పప్పు మాడుతున్నది" అన్నాడు ఈయన. ఈ రోజు నిజంగానే పప్పు మాడింది. ఏమీ అనలేదు. "సదువు, సదువు, నేను మజ్జిగ వోసుకుంట" అన్నాడు. నీళ్లు కూడా తనే ముంచుకున్నాడు. సర్కారు పని అంటే ఇంత మర్యాద ఉంటుందని తెలిస్తే ఎప్పుడో చేరేదాన్ని.

పుస్తకం గురించి రాయాలి. కాగితం మందంగా, పాల మీగడ రంగులో ఉంది. బొమ్మల్లో ఇళ్ల మీద ఉప్పు పోసినట్టు మంచు. మనుషులు ఎండాకాలం అన్నది తెలియనట్టు తోలుకోట్లు వేసుకున్నారు. మా తండాలో ఈ ఏడు చినుకే పడలేదు, వాళ్లకు చూస్తే నడుము లోతు పడింది.

కథ చాలా పెద్దది. ఒక రాజు. నిద్రపోతే సింహాసనం ఎవరో ఎత్తుకుపోతారని భయం, అందుకని నిద్రపోడు. తాను మేలుకుని ఉంటే జనం ఎట్లా పడుకుంటారని రాజ్యంలో నిద్రే బంద్ పెట్టాడు. ఆవులించిన వాణ్ణి చెరసాల కొట్లో వేస్తారు. పిల్లలను పడుకోనివ్వకుండా భటులు వీధుల్లో డప్పులు కొడతారు. ఆ ఊళ్లో బట్టలు కుట్టే పిల్ల ఒకతి, పేరు దరీన్కా. నిద్రలేక ఆమె తమ్ముడికి జబ్బు చేసింది. దరీన్కా చెరువు మీద గడ్డకట్టిన వెన్నెలను చెక్కి కత్తెర చేసుకుంది.

వెన్నెల గడ్డకడుతుందట! నేను పుస్తకం మూసి, వాకిట్లోకి వెళ్లి, ఒకసారి ఊపిరి తీసుకుని మళ్లీ వచ్చాను.

8-7-1987

ఇంకా చదువుతున్నానని చెప్పాను. అబద్ధం కాదు. రెండోసారి చదువుతున్నాను.

9-7-1987

ఒక ఆమె నీళ్లడగడానికి వచ్చింది. మత్తయ్య భార్య, పేరు ఏసమ్మ. మిర్యాలగూడలో మొదటి బస్సు ఎక్కి, కోదాడలో మారి వచ్చిందట. చేతిలో టిఫిను గిన్నె. లోపలికి పోనివ్వలేదట, గిన్నె మాత్రం పోయింది, ఖాళీగా వచ్చింది. ఆయన తిన్నాడో, కాపలావాడు తిన్నాడో ఆమెకు తెలియదు.

నేను కొత్తవాళ్లతో మాట్లాడలేను. కొంగు నెత్తి మీదికి లాక్కుని చెంబు ఇచ్చాను. ఆమె గుమ్మం మీద కూర్చుని నా వంతు కూడా తనే మాట్లాడింది.

"ఏం దొంగతనం జేసిండని చెల్లె? పిల్లల పుస్తకాలు. పెద్దోళ్ల పుస్తకాలు అమ్మితె పైసలొస్తయి కద అని నేనే తిడుత రోజు. వద్దు, పిల్లలు సదివితె మొఖం సూడాలె అంటడు. ఇప్పుడు సూస్తున్నడు, పోలీసోళ్ల మొఖాలు."

నాకు నవ్వు వచ్చింది. ఆమె కూడా నవ్వింది. తర్వాత కళ్లు తుడుచుకుంది.

"ఏదో రాయాల్నంట. పుస్తకంల ఏమున్నదో రాస్తె ఇడిసిపెడ్తరంట. గా రాసే సారు ఎవలో ఏమో, ఎప్పుడు రాస్తడో."

రాసే సారు వంటింట్లో పీట కింద పుస్తకం తోసి వచ్చి ఆమెకు నీళ్లిచ్చింది. ఆ మాట చెప్పలేదు. ఏమని చెప్పను? విదేశీ పేర్లకు నోరు తిరగదు, అక్షరాలు చిన్నవి, నెమ్మదిగా చదవడం తప్పా?

10-7-1987

పుస్తకం రెండు ముక్కలయింది. నేను చేయలేదు. జప్తు రోజున జీపులోకి విసిరినప్పుడే కుట్టు తెగి ఉంటుంది. ముందు సగానికి రెండు అట్టలూ పట్టుకుని ఉన్నాయి. చూస్తే పూర్తి పుస్తకంలాగే ఉంది. వెనక సగం ఉత్త కాగితాల బొత్తి.

సరిగ్గా ఎక్కడ తెగిందంటే: దరీన్కా నాలుగు తెల్ల బాతులు మోసే బుట్టలో కూర్చుని కోట మీదికి ఎగిరింది. కిటికీలోంచి దిగింది. నడుముకున్న కత్తెర తీసింది. రాజు మంచం దగ్గరికి నడిచింది. అక్కడ.

మిగతాది నా దగ్గర ఉంది. చదివేశాను. ఏమవుతుందో నాకూ, ఈ దేశంలో ఇంకెవరికో మాత్రమే తెలుసు. ఇంత పెద్ద సంగతి నా చేతిలో ఎప్పుడూ లేదు.

11-7-1987

ఏసమ్మ వచ్చింది. నీళ్లిచ్చాను. ఈసారి పచ్చిపులుసు కూడా పోశాను. నేను చెడ్డదాన్ని కాదు.

13-7-1987, సోమవారం

ఈయన అన్నం ముందు కూర్చుని, "ఏమే సాలీ, అయిందా లేదా? పై నుంచి ఫోనొచ్చింది. ఎస్.ఐ. సారు హెడ్డును తిట్టిండు, హెడ్డు నన్ను తిట్టిండు" అన్నాడు. ఇక తిట్టడానికి మిగిలింది నేనే కాబట్టి నాకు అర్థమైంది.

కత్తెర తీసి మంచం దగ్గరికి నడిచే దాకా రాసి ఉంది. చేయి నొప్పి పెట్టి అక్కడ ఆపాను.

"ఇంతేనా?"

"ఇంకున్నది" అనాలి. "నువ్వడిగింది రాసిన" అన్నాను. అది కూడా నిజమే.

నోట్‌బుక్కులోంచి చింపిన నా కాగితాలూ, రెండు అట్టలున్న ముందు సగమూ తీసుకుపోయాడు. వెనక సగం సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. బొంతల మడతల్లో ఉంది. రేపు అడుగుతారు, అప్పుడిస్తాను. ఒక్కరోజులో ఏం మునిగిపోతుంది? మనిషి ఎట్లాగూ లోపలే ఉన్నాడు కదా, ఎండ కూడా తగలదు.

ఈ ఆఖరి మాట కొట్టేయాలి. కొట్టేస్తే ఇంకా నల్లగా కనిపిస్తుంది. ఉండనీ.

14-7-1987

ఈయన రాసిన రిపోర్టు చూశాను. గొప్పగా చూపించాడు. ఈయనకు వచ్చిన రాత ఒక్కటే, ఠాణా రాత. పశువులు తప్పిపోయినా, మొగుడూ పెళ్లాలు కొట్టుకున్నా అదే రాత. నా కథను కూడా అందులోకే దించాడు. ఒక ముక్క ఇక్కడ ఎక్కిస్తున్నా, నవ్వు వచ్చినప్పుడు చదువుకోవడానికి.

"దరీన్కా అను యువతి, వయస్సు సుమారు పదహారు, వృత్తి కుట్టుపని, తండ్రి పేరు తెలియరాలేదు. సదరు యువతి గుర్తు తెలియని నాలుగు బాతుల సహకారముతో కోట పైఅంతస్తులోకి కిటికీ గుండా అక్రమముగా ప్రవేశించి, ముందుగా సిద్ధము చేసుకున్న మారణాయుధము, అనగా కత్తెర ఒకటి, చేతబూని, పాలకుడైన రాజు గారి మంచము వైపు దురుద్దేశముతో నడిచినది."

కొంగు నోట్లో కుక్కుకున్నాను.

"ఏం నవ్వుతున్నవ్?"

"బాగ రాసినవ్."

"మరేమనుకున్నవ్? నాలుగేండ్ల సర్వీసు."

ఇది కథ అని ఒక్క మాట పైన రాయమని చెప్పొచ్చు. చెబితే, అయితే తర్వాత ఏమైంది అంటాడు. తర్వాత బొంత విప్పాలి. అయినా దీన్ని ఎవరు చదువుతారు? ఏదో బీరువాలో పడేస్తారు.

15-7-1987

మత్తయ్యను వదల్లేదు. కాగితాలు పోయాయి కదా, ఇవాళో రేపో.

రెండో సగం మూడోసారి.

17-7-1987

ఎవరు చదువుతారో తెలిసింది. పై ఆఫీసు నుంచి మఫ్టీలో ఇద్దరు వచ్చారు. ఒకడు లావు, ఒకడు సన్నం. మా వంటింటి గోడ, ఠాణా వెనక గది గోడ ఒకటే. నేను చింతపండు పిసుకుతున్నాను. వాళ్లు మత్తయ్యను అడిగే మాటలు పొయ్యి వెనక నుంచి వచ్చినట్టే వినిపించాయి.

"దరీన్కా అసలు పేరేంది?"

"అసలు పేరే సారూ. కథల పిల్ల."

"ఏ ఊర్ల కుట్టుమిషను పెట్టుకున్నది? హుజూర్‌నగరా?"

"సారూ, అది మంచు దేశం సారూ."

"ఆ నాలుగు బాతులు ఎవలెవలు? పేర్లు జెప్పు."

"బాతులంటె బాతులే సారూ. రెక్కలుంటయి."

చప్పుడు.

"రాజు అంటె ఎమ్మెల్యేనా, మంత్రా? మంచం దగ్గరకు వోయినంక ఏం జేయమని ప్లాను?"

"ఏం జేయదు సారూ. పుస్తకంల ఉన్నది. మిగిలిన పుస్తకం సూడుండ్రి."

"పుస్తకం గాడికే ఖతమైంది. సూసినం. మా కండ్లు పోయినయనుకున్నవా?"

చప్పుడు.

నేను చింతపండు పిసుకుతూనే ఉన్నాను. గింజలు కూడా చితికిపోయాయి.

18-7-1987

ఏం రాయాలో తోచలేదు.

19-7-1987, ఆదివారం

ఏసమ్మ ఈ రోజు నీళ్లడగలేదు. గుమ్మం మీద కూర్చుని గిన్నె ఒళ్లో పెట్టుకుంది. నిన్న కాపలావాడికి కోడిగుడ్లు ఇస్తే, ఊచల దగ్గర రెండు నిమిషాలు నిలబడనిచ్చాడట.

"నిద్ర పోనిస్తలేరంట చెల్లె. కన్ను మూతపడితె నీళ్లు గొడుతున్రంట. ఎడమ చెవిల గుయ్యి మంటున్నదంట, నేనేమన్నా ఆ పక్క ఇనవడతలేదు. నవ్వుతున్నడు. ఏసూ, ఏమడుగుతున్రో తెలుసా, బాతుల అడ్రసు అడుగుతున్రు అన్నడు."

నేను నేల వైపు చూశాను.

"బుధవారం ఏడికో తీస్కపోతరంట. గా ఇద్దరు వచ్చిన్రు కదా, ఆళ్లెంట. హెడ్డు సారే జెప్పిండు, అమ్మా, ఆడికి వోతె నా చేతిల ఉండదు అని." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "పుస్తకంల ఇంక సగం ఉన్నది, గది సూస్తె అర్థమైతది అంటున్నడు నా మొగడు. ఆ సగం ఏడబోయిందో. రోడ్డు మీద పడ్డదో, గాలికి వోయిందో. పొద్దుటి నుంచి రోడ్డెంబడి ఎతుక్కుంట వచ్చిన."

చీర కుచ్చిళ్లకు పల్లేరుకాయలు పట్టుకుని ఉన్నాయి. నిజంగానే వెతికింది. నేను కూర్చుని ఒక్కొక్కటే తీశాను. బొంతలు మా వెనకే ఉన్నాయి. నాలుగడుగులు.

"నీ మనసు మంచిది చెల్లె" అంది.

ఇప్పుడే ఇచ్చేద్దామని లేచాను. ఆమెకు ఇస్తే ఆమె నేరుగా ఠాణాలోకి పోతుంది. ఎక్కడిదంటారు. ఈయన ఉద్యోగం. రేపు ఈయనకే చెబుతాను. అదే పద్ధతి. పద్ధతి ప్రకారం చేయాలి కదా. నాలుగడుగులు నడవకపోవడానికి నాకు ఎప్పుడూ మంచి కారణమే దొరుకుతుంది.

20-7-1987

చెప్పాను. ముద్ద చేతిలో ఉండగా చెప్పాను. ముద్ద మళ్లీ కంచంలోకి పోయింది.

"జప్తు మాల్ ఇంట్ల వెట్టుకున్నవా?"

"నువ్వే తెచ్చినవ్ కదా."

"తెచ్చినోడికి సగం అట్లనే ఇస్తవా? ఎన్ని రోజులాయె?"

"వారం."

"ఎందుకే?"

చదువుకుందామని, అన్నాను. అంత చిన్న మాట నేనెప్పుడూ అనలేదు. చిన్నగా వినిపించింది కూడా.

కొడతాడనుకున్నాను. కొట్టలేదు. భయపడ్డాడు. "పొయ్యిల వెయ్యి. సగం ఇంట్ల దొరికిందంటె నా బెల్టు నంబరు పోతది. తండాల మొదటి పోలీసును నేను. మళ్ల మేకలెనక పోవాల్నా?"

"మరి ఆయన?"

"ఎవలాయన?"

"ఆ మత్తయ్య. బాతుల అడ్రసు అడుగుతున్నరు. గుర్తు తెలియని బాతులని నువ్వెందుకు రాసినవ్?"

"నీకేమన్నా గుర్తు తెలిసినయా మరి?"

నవ్వు రావలసిన చోటు. ఇద్దరికీ రాలేదు.

"నేను డ్యూటీకి పోయి వచ్చేసరికి పొయ్యిల ఉండాలె" అన్నాడు.

సరే అన్నాను. నేను సరే అంటే మా ఇంట్లో అందరూ నమ్ముతారు.

21-7-1987, మంగళవారం

ఇవాళ అంతా ఒక్క ఊపున రాస్తున్నా. రాత ఇంకా పాడవుతుంది.

పొద్దున్నే రోల్‌కాల్ టైముకు వెళ్లాను. ఠాణా ముందు వాకిట్లో అందరూ వరసలో ఉన్నారు, ఈయన మూడోవాడు. నన్ను చూడగానే ఈయన ముఖంలో రక్తం లేకుండా పోయింది. నేను నెత్తి మీద కొంగు సరిచేసుకుని, వరస పక్క నుంచి నడిచి, ఎస్.ఐ. సారు బల్ల దాకా పోయాను. పెళ్లయి రెండేళ్లయింది, ఆ గడప తొక్కడం ఇదే మొదలు. ఇంటి నుంచి ముప్పై అడుగులు ఉంటుంది, మంచు దేశం కంటే దూరం అనుకునేదాన్ని.

సారు చాయ్ తాగుతున్నాడు. "ఏందమ్మా? ధన్‌సింగ్ కొట్టిండా?"

నాలుగు మాటలు కూడబెట్టుకుని పోయాను, ఒక్కటీ మిగల్లేదు. చేతిలో కాగితాలున్నాయి. అవి విప్పి చదవడం మొదలుపెట్టాను. అచ్చులో ఉన్న మాటలైతే నేను చదవగలను. నా మాటలే నాకు రావు.

"ఏందిది?" అన్నాడు సారు. నేను ఆగలేదు. ఆగితే మళ్లీ మొదలుపెట్టలేను. కాసేపటికి సోమయ్య, "సారూ, గది పుస్తకమే సారూ. కత్తెర తర్వాతది" అన్నాడు.

"జర గట్టిగ సదువమ్మా" అన్నాడు సారు.

గట్టిగా చదివాను. దరీన్కా మంచం దగ్గరికి పోయి వంగి చూస్తే, రాజు కనురెప్పలను ఎవరో మాయలమారి సన్నని దారంతో కనుబొమలకు కుట్టేసి ఉంది. చిన్నప్పుడే కుట్టేసింది. అందుకే రెప్ప మూతపడదు. తాను భయం వల్ల మేలుకుంటున్నాననుకున్నాడు రాజు, అసలు సంగతి ఆ దారం. ఏం చేస్తావని అడిగాడు. కుట్టు విప్పుతాను, నాకు వచ్చిన పని అదే, అంది దరీన్కా. వెన్నెల కత్తెరతో పుటుక్కున దారం తెంపింది. రాజు అక్కడికక్కడే పడుకున్నాడు. డప్పులు ఆగాయి. భటులు బల్లేల మీద వాలి నిద్రపోయారు. కొట్లో ఉన్నవాళ్లు, కొట్టుకు తాళం వేసినవాడు ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టి పడుకున్నారు.

టైపు మిషను ఎప్పుడు ఆగిందో నాకు తెలియదు. వరస చెదిరి కిటికీ దగ్గరికి వచ్చింది. ఊచల వెనక ఒక సన్నని మనిషి గోడకు ఆనుకుని ఉన్నాడు. నేను ఒక్కసారి చూశాను. ఆయన పెదవులు నా మాటలతో పాటే కదులుతున్నాయి. చూడకుండానే అంతా వచ్చు ఆయనకు.

సెంట్రీ గట్టిగా ఆవులించాడు. సోమయ్య వాణ్ణి మోచేత్తో పొడిచాడు.

కాగితాలు తిప్పుతుంటే చేయి తడబడి ఆగాను.

"ఆఁ, తర్వాత?" అన్నాడు సారు. అడిగాక తానే గొంతు సవరించుకున్నాడు.

"మూడేండ్లకు లేచిండు సారూ. కత్తి ఏడ వెట్టిండో యాదికి రాలేదంట. రొట్టెల దుకాణం పెట్టుకున్నడు."

అప్పుడు సారు చాయ్ గ్లాసు పక్కకు జరిపి, "ఈ సగం ఏడ దొరికింది?" అన్నాడు.

ఇంటి దగ్గర ఎన్ని అబద్ధాలు సిద్ధం చేసుకున్నానో. గాలికి వచ్చి వాకిట్లో పడిందనే దాకా. కిటికీలో ఈయన ముఖం ఉంది, ఊచల్లో ఆయన ముఖం ఉంది.

"నేనే దాచుకున్న సారూ. సదువుకుందామని."

సారు ఈయన వైపు చూశాడు. ఈయన నిటారుగా సెల్యూట్ చేశాడు, ఎందుకో. సోమయ్య ఒంగి సారు చెవిలో ఏదో అన్నాడు. నాకు వినిపించింది. బాతుల రిపోర్టు మీద కింద సంతకం సారుది. ఇది పిల్లల కథ అని పైవాళ్లకు తర్వాత తెలిస్తే జిల్లా అంతా నవ్వుతుంది. ఇప్పుడే మనమే చెబితే జర తక్కువ నవ్వుతుంది.

సారు కాగితం లాగి రాయించాడు. "పుస్తకము యొక్క రెండవ భాగము పరిశీలనలో ఆలస్యముగా లభ్యమైనది. అది బాలల కథగా నిర్ధారణ అయినది." ఆలస్యముగా లభ్యమైనది! ఎవరి ఆలస్యమో అందులో లేదు. సర్కారు రాత మీద నాకు మొదటిసారి ప్రేమ కలిగింది.

22-7-1987

బుధవారం. తీసుకుపోవడానికి వచ్చిన జీపు ఖాళీగా పోయింది. మధ్యాహ్నం మత్తయ్యను వదిలారు. ఏసమ్మ ఆయన ఎడమ పక్కన నడుస్తూ ఏదో చెబుతోంది. ఆయన తల ఊపడం లేదు. తర్వాత ఆమె చుట్టూ తిరిగి కుడి పక్కకు వచ్చింది.

24-7-1987

ఈయనకు నెలరోజులు కోదాడ అవతల సరిహద్దు దగ్గర నిలబడే డ్యూటీ వేశారు. ఎండలో లారీలు చూడటం. బెల్టు నంబరు మాత్రం పోలేదు. నాతో మాట్లాడటం లేదు. ఇల్లు ఇంత ప్రశాంతంగా ఉంటుందని అనుకోలేదు, బాగాలేదు.

2-8-1987, ఆదివారం

వాళ్లిద్దరూ వచ్చారు. నిన్న సూర్యాపేటలో చెవి డాక్టరుకు చూపించుకుని, చుట్టాలింట్లో పడుకుని, తిరిగి పోతూ ఇక్కడ దిగారు. చెవి లోపలి పర్ద చిరిగిందట. కొంచెం అతుక్కోవచ్చు, పూర్తిగా రాదన్నాడట. మత్తయ్య మాట వినాలంటే ముఖం కుడి పక్కకు తిప్పుతాడు. ఎప్పుడూ ఎవరినో అనుమానంగా చూస్తున్నట్టు ఉంటుంది, కానీ నవ్వుతాడు.

ఏసమ్మ నా రెండు చేతులూ పట్టుకుంది. "మిర్యాలగూడల అందరికి జెప్తున్న చెల్లె. అంతమంది మొగోళ్లు నోరు మూసుకుంటె ఒక్క లంబాడి పిల్ల మాట్లాడిందని. మా చర్చిల నీ పేరు మీద ప్రార్థన వెట్టిచ్చిన. దొరకంగనే తెచ్చిచ్చినవంట కదా?"

ఆయన ముఖం నా వైపు తిప్పి వింటున్నాడు.

కాదక్కా, అనాలి. నీ కుచ్చిళ్లలో పల్లేరుకాయలు తీసిన రోజు అది నా వీపు వెనక ఉందక్కా, అనాలి.

"అవునక్కా" అన్నాను. "చాయ్ తాగుతరా?"

తాగారు. పోయే ముందు మత్తయ్య సంచిలోంచి ఎర్ర పుస్తకం తీశాడు. ఠాణాలో రెండు ముక్కలూ ఇచ్చేశారట. చెప్పులు కుట్టే దారంతో తనే ఒకటిగా కుట్టాడు. వంకరగా ఉన్నా గట్టిగా ఉంది.

"దీన్ని అమ్మబుద్ధి అయితలేదమ్మా. మీరు ఉంచుకోండ్రి. మీరు సదువుతుంటె ఊచలెనక నేను కండ్లు మూసుకున్న. ఎవలు నీళ్లు కొట్టలే. అన్ని రోజుల్ల గంతే పడుకున్న."

పుస్తకాలు అమ్మడం మానేశాడట. పాత నోట్‌బుక్కులు కొని, రాయని పేజీలు చింపి, కొత్తవి కుట్టి బడి పిల్లలకు అమ్ముతున్నాడట. వెళ్తూ గూట్లో ఉన్న ఈ నోట్‌బుక్కును చూశాడు. "పాతదైతె మాకియ్యండ్రి అమ్మా. రాసినయి కూడ నేను సదువుత, ఊరికె పోనియ్య. మనుషులు మస్తు రాస్తరు" అన్నాడు.

ఇంకా పేజీలు మిగిలి ఉన్నాయన్నాను.

3-8-1987

ఎర్ర పుస్తకం ముట్టనని ఒట్టు పెట్టుకున్నాను. గోడ మేకుకు సంచిలో వేలాడదీశాను. మధ్యాహ్నానికి దించాను. మొదటి పేజీ నుంచి కుట్టు దాటి చివరి పేజీ దాకా ఆపకుండా చదివాను. ఈసారి అడిగేవాడు లేడు, దాచాల్సిన పని లేదు. కుట్టు ఉన్న చోట దారం పేజీని కొంచెం లాగుతుంది, అక్కడ రెండు మాటలు కనపడవు. ఆ రెండు మాటలూ నాకు నోటికి వచ్చు.

చాలా బాగుంది. బాగుండకూడదు, అయినా బాగుంది. మళ్లీ రేపు చదువుతాను, నాకు తెలుసు.

ఇందులో పేజీలు అయిపోవచ్చాయి. ఇది ఎవరి చేతికి వచ్చినా ఒక పని చేయండి. మిర్యాలగూడ వైపు పోనివ్వకండి. ఏసమ్మకు చదువు రాదు, మత్తయ్యకు వస్తుంది. ఒక చెవి పోయింది కానీ కళ్లు బాగానే ఉన్నాయి. నా చేతులతో నేను కాల్చలేకపోతున్నాను. కాల్చేస్తే నేను చేసింది తెలిసినవాళ్లు ఎవరూ ఉండరు, నాతో సహా, అని భయం. మీరు కాల్చండి. పొయ్యిలో పెట్టి బూడిదయ్యే దాకా చూడండి.

ఎర్ర అట్టది కాదు. ఇది.